చందా బతికే ఉందా? - జాన్సన్ గారి పద్దు

మొన్న అక్టోబరులో సెకండియర్ అమ్మాయి ఒకతె హాస్టల్లో నా రూమ్ తలుపు తట్టింది. ఏడవలేదు, గొడవా పడలేదు. ఫోన్ నా చేతికిచ్చి, అక్కా, ఇందులో నా పేరు ఉందో లేదో ఒక్కసారి చూడవా అని అడిగింది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి తేదీ దాటి అప్పటికి రెండు రోజులైంది. ఆ నోటీసు కాలేజీ సైట్లో ఆఖరి తేదీకి పన్నెండు రోజుల ముందే పెట్టారు. సైట్లో ఏ నోటీసు పడినా వెంటనే అందరి ఫోన్లకీ చేరేలా ప్రోగ్రామ్ రాసి, పేర్లు నమోదు చేసుకోండర్రా అని క్లాసుక్లాసుకీ తిరిగి చెప్పింది నేనే. నా మాట నమ్మి ఆ అమ్మాయి నోటీసు బోర్డు వైపు వెళ్ళడం మానేసింది.

పేరు ఉంది. నా జాబితాలో ఆ అమ్మాయి పేరు భేషుగ్గా ఉంది. తెగిపోయింది ఆ అమ్మాయి చందా కాదు, పైనున్న నా చందా.

ఈ వ్యాసం నిజానికి డాక్టర్ శామ్యూల్ జాన్సన్ గురించి. నిఘంటుకారుల్లో ఒకరి జీవితం రాస్తానని ఈ సంచిక కోసం క్లబ్బులో ముందే ఒప్పుకున్నా. లైబ్రరీ నుంచి బాస్వెల్ రాసిన లావుపాటి జీవితచరిత్ర తెచ్చుకుని సగం చదివి పక్కన పెట్టాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక రాత్రి నిద్రపట్టక మళ్ళీ తీశాను. మిగతా సగంలో నా బాగోతమే కనిపించింది. అందుకే ఆయన కథ చెప్పేముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి.

నేను వాడింది వెబ్‌సబ్ అనే పద్ధతి. పత్రికకి చందా కట్టడం లాంటిదే. ఇందులో ముగ్గురుంటారు. వార్త పెట్టే సైటు, వార్త కావాలనే మనం, మధ్యలో పంచిపెట్టే హబ్. మనం హబ్ దగ్గరికి వెళ్ళి ఫలానా సైటులో కొత్తది ఏం వచ్చినా ఈ అడ్రసుకి పంపు అని అడుగుతాం. హబ్ 202 అని జవాబిస్తుంది. దానికి అర్థం నీ అర్జీ అందింది అని మాత్రమే, చందా కుదిరిందని కాదు. తర్వాత హబ్ తనే మనం ఇచ్చిన అడ్రసుకి వచ్చి, అర్థంపర్థం లేని అక్షరాల వరస ఒకటి ఇచ్చి, దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పమంటుంది. ఇంకెవరో మన అడ్రసు ఇచ్చి మన నెత్తిన చందా రుద్దకుండా ఈ జాగ్రత్త. సరిగ్గా తిరిగి చెబితే చందా మొదలైనట్టు. ఆ పలకరింపులోనే, ఈ చందా ఎన్ని సెకన్లు బతుకుతుందో కూడా హబ్ చెబుతుంది. అదే లీజు.

నేను ముప్పై రోజుల లీజు అడిగాను. హబ్ 8,64,000 సెకన్లు, అంటే పది రోజులు ఇచ్చింది. నా కోడ్ ఆ అక్షరాల వరసని బుద్ధిగా అప్పజెప్పింది కానీ పక్కనే ఉన్న అంకె చదవలేదు. నేను అడిగిన ముప్పైనే పద్దులో రాసుకుని, ఇరవై ఎనిమిదో రోజున పునరుద్ధరించుకుందాంలే అని కూర్చుంది. పదకొండో రోజు నుంచి హబ్ దృష్టిలో నేను లేను. గడువు తీరిందని కబురు పెట్టే పూచీ హబ్‌కి లేదు. పోనీ నేనే అడుగుదామంటే, 2018 జనవరిలో డబ్ల్యూ త్రీ సీ ఖరారు చేసిన ఆ ప్రమాణంలో నా చందా బతికే ఉందా అని అడిగే ప్రశ్నే లేదు. కొన్ని హబ్‌లు సొంతంగా అలాంటి పేజీ ఒకటి పెడతాయి, అంతే. ఇక ఏమీ రాని రోజులన్నీ ఒకేలా కనిపిస్తాయి. నోటీసు లేక రాలేదా, చందా పోయి రాలేదా అని చెప్పే తేడా ఏదీ ఉండదు. రెండు వందల మందికి పైగా పిల్లలు ఆ నిశ్శబ్దాన్ని చూసి, కాలేజీలో విశేషాలేం లేవు కాబోలు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇక జాన్సన్ దగ్గరికి వద్దాం.

ఆయన 1709 సెప్టెంబరు 18న ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి మైకేల్ జాన్సన్ పుస్తకాల వ్యాపారి. ఊళ్ళో దుకాణం ఉన్నా చుట్టుపక్కల ఊళ్ళలో సంతరోజుల్లో బల్ల వేసి పుస్తకాలు అమ్మేవాడు. పసివాడికి పాలిచ్చిన దాయి నుంచి గండమాల అంటుకుంది. మెడ మీద మచ్చలు మిగిలాయి, చూపు బాగా దెబ్బతింది. రాజవంశీకులు చేత్తో తాకితే ఆ రోగం పోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. రెండేళ్ళ పిల్లవాణ్ణి తల్లి లండన్ తీసుకెళ్ళి ఆన్ రాణి చేత తాకించింది. రోగం పోలేదు. రాణి ఇచ్చిన చిన్న బంగారు బిళ్ళని మాత్రం ఆయన జీవితాంతం మెడలో వేసుకున్నాడు.

చదువంటే దుకాణంలో చదివిందే ఎక్కువ. 1728లో ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. పదమూడు నెలలకే డబ్బు చాలక డిగ్రీ లేకుండా ఇంటికొచ్చేశాడు. ఆ రోజుల్లో ఆయన బూట్లు చిరిగి వేళ్ళు బయటికి కనిపించేవట. అది చూసి జాలిపడి ఎవరో కొత్త జత తెచ్చి గది గుమ్మం ముందు పెట్టి వెళ్తే, అవమానం పట్టలేక విసిరి పారేశాడట. ఫీజు బకాయి లిస్టులో పేరు ఎక్కిన మనలో చాలామందికి ఈ కోపం కొత్తగా అనిపించదు.

ఈ రోషమే ఇంకోచోట వేరే రూపంలో బయటపడింది. తండ్రికి ఒంట్లో బాగాలేక, యుటాక్సెటర్ సంతకి వెళ్ళి పుస్తకాల బల్ల దగ్గర నిలబడమని కొడుకుని అడిగాడు. ఆక్స్‌ఫర్డ్ ముఖం చూసొచ్చిన కొడుకు సంతలో నిలబడనన్నాడు. తండ్రి 1731 డిసెంబరులో పోయాడు. ఆస్తిలో కొడుకు వాటాకి వచ్చింది ఇరవై పౌండ్లు. ఈ సంత సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

చందా అన్న మాట ఆయన జీవితంలోకి మొదట వచ్చింది 1734లో. ఆ కాలపు పుస్తకాల లెక్క ఇలా ఉండేది. రచయిత దగ్గర అచ్చుకి డబ్బుండదు. అందుకని ఇలాంటి పుస్తకం వేయబోతున్నానని ముందుగా ఒక ప్రకటన పత్రం అచ్చువేస్తాడు. ఇష్టపడినవాళ్ళు ముందే కొంత సొమ్ము కట్టి పేరు రాయించుకుంటారు. పుస్తకం వచ్చాక మిగతాది కట్టి ప్రతి తీసుకుంటారు. చందాదారుల పేర్లు పుస్తకం ముందు వరసగా అచ్చేయడం ఆనవాయితీ. అలెగ్జాండర్ పోప్ అనే కవి హోమర్ ఇలియడ్‌ని 1715 నుంచి 1720 దాకా ఆరు సంపుటాలుగా అనువదించి, సుమారు 575 మంది చందాలతో జీవితానికి సరిపడా సంపాదించాడు. ఆ జాబితాలో తమ పేరు చూసుకోవడం దొరలకి గొప్ప.

ఇరవై నాలుగేళ్ళ జాన్సన్ కూడా ఇటలీ కవి పొలిత్సియానో రాసిన లాటిన్ కవితల్ని ఇదే పద్ధతిలో వేస్తానని ప్రకటించాడు. చాలినంతమంది చేరలేదు. పుస్తకం రాలేదు. అర్జీ పెట్టుకుంటే అటునుంచి పలుకే లేదు.

తర్వాతి ఏడాది ఎలిజబెత్ పోర్టర్ అనే వితంతువుని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఆయనకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. ఊరు నవ్వింది గానీ వాళ్ళిద్దరికీ అది మనసిచ్చి చేసుకున్న పెళ్ళే. ఆవిడ డబ్బుతో ఎడియల్ అనే చోట బడి పెట్టాడు. వచ్చిన పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళలో ఒకడు డేవిడ్ గారిక్, తర్వాత లండన్ రంగస్థలాన్ని ఏలిన నటుడు. బడి మూతపడ్డాక 1737లో గురుశిష్యులిద్దరూ కలిసి పొట్ట చేతబట్టుకుని లండన్ బయల్దేరారు.

లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ నడిపే జెంటిల్‌మన్స్ మాగజైన్‌లో కూలిరాతకి కుదిరాడు. వ్యాసాలు, అనువాదాలు, పార్లమెంటు చర్చలు, ఏది అడిగితే అది. పార్లమెంటులో మాటలు అచ్చేయడం నిషేధం గనక లిల్లిపుట్ దేశపు సభల్లో జరిగినట్టు పేర్లు మార్చి రాసేవాడు. తొమ్మిదేళ్ళు ఇలా గడిచాక, 1746 జూన్‌లో కొందరు పుస్తక ప్రచురణకర్తలు కలిసి ఇంగ్లీషుకి నిఘంటువు రాయమని ఒప్పందం చేసుకున్నారు. మొత్తం 1,500 గినీలు. గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. వాయిదాల్లో వచ్చే ఆ సొమ్ములోంచే సహాయకుల జీతాలు కూడా ఇచ్చుకోవాలి. గాఫ్ స్క్వేర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, పై అంతస్తులో ఆరుగురు రాతగాళ్ళని కూర్చోబెట్టాడు. తను పుస్తకాలు చదువుతూ పనికొచ్చే వాక్యాల కింద గీతలు గీస్తే వాళ్ళు చీటీల మీదకి ఎక్కించేవాళ్ళు.

దీని ప్రణాళికని 1747లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకి అంకితమిచ్చాడు. ఆ ప్రభువు పది పౌండ్లు ఇచ్చాడు. ఆ తర్వాత ఏడేళ్ళు ఉలుకూ పలుకూ లేదు. జాన్సన్ ఆయన గుమ్మం దాకా వెళ్ళి, వెయిటింగ్ హాల్లో కూర్చుని తిరిగొచ్చిన రోజులున్నాయి. ఈ భాగం చదువుతుంటే నాకు 202 గుర్తొచ్చింది. అర్జీ అందిందన్నారు, అంతే. నిఘంటువు పూర్తయి బయటికి వచ్చే వేళకి ఆ ప్రభువు మెల్లగా మేలుకుని, పత్రికలో రెండు పొగడ్త వ్యాసాలు రాశాడు. 1755 ఫిబ్రవరిలో జాన్సన్ ఆయనకి ఒక ఉత్తరం రాశాడు. అందులో తిట్టు ఒక్కటీ లేదు. మునిగేవాణ్ణి గట్టున నిలబడి చూసి, ఒడ్డుకి చేరాక సాయమంటూ వచ్చి అడ్డుపడేవాణ్ణా పోషకుడనేది అన్న అర్థంలో సాగే ఆ ఉత్తరం, రచయితలు దొరల వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడే కాలానికి ముగింపు అని చాలామంది అంటారు. ఇక దొరలు పోయి చందాదారులు రావాలి.

1755 ఏప్రిల్ 15న రెండు పెద్ద సంపుటాలుగా నిఘంటువు వెలువడింది. 42,773 మాటలు, లక్షకి పైగా ఉదాహరణలు. దానికి కొద్దిగా ముందే, డిగ్రీ లేకుండా పంపించేసిన ఆక్స్‌ఫర్డ్ ఎమ్.ఎ. పట్టా ఇచ్చింది. కానీ భార్య మూడేళ్ళ కిందటే పోయింది. ఒప్పందం సొమ్ము పుస్తకం రాకముందే ఖర్చయిపోయింది. పేరు దేశమంతా మోగుతుండగా, 1756 మార్చిలో అయిదు పౌండ్ల పద్దెనిమిది షిల్లింగుల అప్పు తీర్చలేక అరెస్టయ్యాడు. నవలాకారుడు శామ్యూల్ రిచర్డ్‌సన్‌కి చీటీ రాస్తే ఆయన ఆరు గినీలు పంపి విడిపించాడు.

మూడు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, షేక్‌స్పియర్ నాటకాల కొత్త పరిష్కరణకి చందాల ప్రకటన వెలువరించాడు. చందా రెండు గినీలు. ఒకటి ఇప్పుడు, రెండోది పుస్తకం చేతికొచ్చాక. 1757 క్రిస్మస్‌కల్లా ఇస్తానని అచ్చులో మాటిచ్చాడు. అంటే ఏడాదిన్నర. తొమ్మిదేళ్ళు నిఘంటువుతో పడ్డ పాట్లు ఇంకా ఒంటి మీద పచ్చిగా ఉండగానే ఏడాదిన్నర అన్నాడు. సెమిస్టర్ ప్రాజెక్టుకి మనం వేసే అంచనా ఇంతకన్నా మెరుగా చెప్పండి.

క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. మార్చి అన్నాడు. మార్చి వచ్చాక ఎండాకాలం లోపు అన్నాడు. లిన్ అనే ఊళ్ళో చార్లెస్ బర్నీ అని ఒక సంగీతకారుడు ఆయన అభిమాని, తన పరిచయస్తుల చేత చందాలు కట్టించేవాడు. ఆయనకి జాన్సన్ 1758 మార్చిలో కొత్త ప్రకటన పత్రాలతో పాటు పన్నెండు ఖాళీ రసీదులు కూడా పంపాడు. పుస్తకం లేదు గానీ రసీదులు తయారు. బర్నీ స్థానంలో నన్ను నేను ఊహించుకున్నాను. నా మాట మీద గినీ కట్టినవాడు వీధిలో ఎదురైతే ఏం చెప్పాలి?

చందాదారుల పరిస్థితి చూడండి. వాళ్ళ దగ్గరున్నది ఒక్క రసీదు ముక్క. పని సాగుతోందా ఆగిందా తెలియదు. తమ పేరు అసలు ఎక్కడైనా రాసి ఉందా తెలియదు. రాసి లేదు కూడా. పుస్తకాల దుకాణంలో పనిచేసే కుర్రవాడొకడు చందా సొమ్ము తెచ్చి, కట్టినవారి పేరూ చిరునామా రాసుకోండి, జాబితాలో వేయాలి కదా అన్నాడట. జాబితా వేయను అన్నాడు జాన్సన్ కటువుగా. కుర్రవాడు బిత్తరపోతే మెత్తబడి రెండు కారణాలు చెప్పాడట. పేర్లన్నీ పోగొట్టుకున్నాడు. డబ్బంతా ఖర్చు పెట్టేశాడు.

ఇది చదివి మొదట పకపకా నవ్వాను. తర్వాత లేచి ల్యాప్‌టాప్ తెరిచి, నా డేటాబేస్‌లో హబ్ ఇచ్చిన లీజు రాసుకోవడానికి కాలమ్ ఉందా అని చూశాను. లేదు. నేనడిగిన ముప్పై రాసుకోవడానికి మాత్రం ఉంది. ఆయన చందాదారుల పేర్లు పోగొట్టుకున్నాడు, నేను హబ్ చెప్పిన మాట పోగొట్టుకున్నాను. ఆయనకి కనీసం తను పోగొట్టుకున్న సంగతి తెలుసు.

మరి ఆ తొమ్మిదేళ్ళూ ఏం చేశాడు? ఊరికే కూర్చోలేదు, అలాగని షేక్‌స్పియర్ మీదా కూర్చోలేదు. ఐడ్లర్ పేరుతో వారానికో వ్యాసం రాశాడు. ఆ మాటకి సోమరి అని అర్థం. 1759 జనవరిలో తొంభయ్యో పడిలో పడ్డ తల్లి మంచాన పడిందని తెలిసి, ఖర్చుల కోసం ఒక వారం సాయంకాలాల్లో రాసెలస్ అనే కథ రాశాడు. అది పూర్తి కాకముందే తల్లి పోయింది. ఆ డబ్బు అంత్యక్రియలకీ ఆవిడ చిల్లర అప్పులకీ సరిపోయింది. వీటన్నిటి మధ్యా ఆయన్ని లోపల్నుంచి తినేస్తున్నది వేరే ఉంది. మనసు నల్లబడే జబ్బు. మధ్యాహ్నం దాకా మంచం దిగేవాడు కాదు. రేపటి నుంచి పెందలాడే లేస్తానని, రాయడం మొదలెడతానని డైరీలో ప్రతిజ్ఞలు చేసుకునేవాడు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అవే ప్రతిజ్ఞలు.

1762లో రాజు మూడో జార్జి ఏడాదికి మూడు వందల పౌండ్ల పెన్షన్ ఇచ్చాడు. తన నిఘంటువులో పెన్షన్ అన్న మాటకి ఎగతాళిగా అర్థం రాసిన మనిషే అది పుచ్చుకున్నాడని పత్రికలు ఆడుకున్నాయి. అదే ఏడు చార్లెస్ చర్చిల్ అనే కవి ఒక వ్యంగ్యకావ్యంలో, చందాలు మింగి పుస్తకం ఎగ్గొట్టాడని ఆయన్ని ఊరంతా వినేలా ఎత్తిపొడిచాడు. చర్చిల్ శత్రువే, ఉద్దేశం మంచిదేం కాదు. కానీ అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఆరేళ్ళుగా చందాదారులు మర్యాద కొద్దీ అడగలేకపోయిన ప్రశ్న అది. చందా బతికే ఉందా?

ఆ దెబ్బ తగిలాకే జాన్సన్ కదిలాడని అప్పట్లోనే చెప్పుకున్నారు. 1765 అక్టోబరులో ఎనిమిది సంపుటాల షేక్‌స్పియర్ వచ్చింది. మాటిచ్చిన తేదీకి దాదాపు ఎనిమిదేళ్ళు ఆలస్యం. చందాదారుల జాబితా అందులో లేదు. కానీ ఉన్నదేమిటో చూడండి. పాత ప్రతులతో పోల్చిన పాఠం. అంతకుముందు పరిష్కర్తల వ్యాఖ్యలు ఎవరివి వాళ్ళ పేర్లతోనే. ఎక్కడ అర్థం తెలియలేదో అక్కడ తెలియలేదని ఒప్పుకోలు. ముందు ఒక పీఠిక. షేక్‌స్పియర్‌ని దేవుణ్ణి చేయకుండా, తప్పులు కూడా ఏకరువు పెడుతూ, కథంతా ఒకే రోజులో ఒకే చోట జరగాలన్న పాత నియమాన్ని ఆయన ఎందుకు లెక్కచేయనక్కర్లేదో తేల్చి చెప్పిన పీఠిక. ఇంగ్లీషు సాహిత్య విమర్శలో ఇప్పటికీ పాఠంగా చదువుతున్నారు. ఆ ఏడు తిరక్కుండానే రెండో ముద్రణ వేయాల్సి వచ్చింది. రసీదు దాచుకున్నవాళ్ళు దుకాణానికి వచ్చి రెండో గినీ కట్టి సంపుటాలు పట్టుకెళ్ళారు. పద్దు ఆయన దగ్గర పోయినా వాళ్ళ దగ్గర ఉంది కదా.

వెబ్‌సబ్‌లో కూడా దారి అదే అని నాకు అప్పుడు వెలిగింది. హబ్‌ని నా స్థితి ఏమిటి అని అడగలేను. కానీ మళ్ళీ చందా కడతాను అని ఎప్పుడైనా అడగొచ్చు. అప్పటికే చందా ఉన్నా తప్పు లేదు, ఒప్పుకుని తీరాలని ప్రమాణమే చెబుతోంది. అదే సైటు, అదే అడ్రసు అయితే రెండో చందా పుట్టదు, పాతదాని స్థానంలో కొత్తది కూర్చుంటుంది. హబ్ మళ్ళీ పలకరిస్తుంది, మళ్ళీ అంకె చెబుతుంది. దాన్ని మన దగ్గర రాసిపెట్టుకోవడమే రసీదు దాచుకోవడం. అంటే బతికి ఉందా అని విచారించేకన్నా, గడువుకి ముందే వెళ్ళి తలుపు తట్టడం మేలు. తట్టాల్సింది జాబితా పెట్టుకుని పూచీ పడ్డవాళ్ళు. అవతల ఎదురుచూస్తున్నవాళ్ళు కాదు.

జాన్సన్ మిగతా జీవితం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1763 మే 16న ఒక పుస్తకాల దుకాణంలో బాస్వెల్ పరిచయమయ్యాడు. వాళ్ళ స్నేహమే మనకి ఇన్ని సంగతులు మిగిల్చింది. డబ్లిన్ నుంచీ ఆక్స్‌ఫర్డ్ నుంచీ డాక్టరేట్లు వచ్చాయి. 1779 నుంచి 1781 దాకా యాభై ఇద్దరు కవుల జీవితాలు రాశాడు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ దిక్కులేనివాళ్ళు ఉండేవాళ్ళు. చూపు పోయిన అన్నా విలియమ్స్, పేదల వైద్యుడు రాబర్ట్ లెవెట్, జమైకాలో బానిసగా పుట్టిన ఫ్రాన్సిస్ బార్బర్. 1784 డిసెంబరు 13న ఆయన పోయినప్పుడు విల్లులో ప్రధాన వారసుడు ఆ బార్బరే. ఏటా డెబ్భై పౌండ్లు వచ్చే ఏర్పాటు చేసి మరీ పోయాడు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేశారు.

పోయే ఏడాది, లిచ్‌ఫీల్డ్‌లో ఒక యువ మతాచార్యుడికి ఆయన తన పాత తప్పు ఒకటి చెప్పుకున్నాడు. తండ్రి అడిగినా యుటాక్సెటర్ సంతకి వెళ్ళని సంగతి. తండ్రి పోయిన చాలా ఏళ్ళకి, ముసలితనంలో, మబ్బు పట్టి వాన కురుస్తున్న రోజున ఒంటరిగా ఆ ఊరు వెళ్ళాడట. ఒకప్పుడు తండ్రి బల్ల వేసే చోటు వెతుక్కుని, టోపీ తీసేసి, చాలాసేపు ఆ వానలో అలాగే నిలబడ్డాడట. చుట్టూ సంత జనం. అడిగినవాడు లేడు. రసీదు ఇచ్చేవాడు అంతకన్నా లేడు.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. పొద్దున్నే మొదట కోడ్ సరిచేయలేదు. నా దగ్గరున్న ప్రతి నంబరుకీ ఒక మెసేజ్ పంపాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీకు ఏ నోటీసూ రాలేదు, నోటీసులు లేక కాదు, నా పొరపాటు వల్ల, ఆ రోజుల్లో వచ్చిన నోటీసులన్నీ ఇవీ అని వరసగా రాశాను. కొందరు తిట్టారు. కొందరు పర్లేదక్కా అన్నారు. ఇంకో ఇద్దరు కూడా అదే స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారని అప్పుడే తెలిసింది. ముగ్గురినీ తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను, తప్పు నాదని రాసిచ్చాను. పోర్టల్ మూసేశారు, వచ్చే ఏడాదే అన్నారు. అది మారలేదు.

తర్వాత కోడ్ మార్చాను. హబ్ చెప్పిన లీజే రాసుకుంటుంది. అందులో సగం గడవగానే మళ్ళీ చందా కడుతుంది. హబ్ నుంచి పలకరింపు రాకపోతే నా ఫోన్ అర్ధరాత్రి అయినా మోగుతుంది. యాప్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైన్ పెట్టాను. చందా ఆఖరుసారి ఖాయమైంది ఎప్పుడు, ఎప్పటి వరకు చెల్లుతుంది అన్నది. ఎవరూ నన్ను అడగక్కర్లేకుండా.

ఆ అమ్మాయి యాప్ తీసేయలేదు. కానీ రోజూ పొద్దున క్లాసుకి వెళ్ళే ముందు మెయిన్ బ్లాక్‌లో నోటీసు బోర్డు దగ్గర ఒక నిమిషం ఆగుతుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు అవసరం లేదని నేను చెప్పలేదు. ఈమధ్య నేనూ అక్కడ ఆగుతున్నాను.